ఆ ‘ఏ10కె’ కింద పెట్టేయండి ముందు!

మానిటర్ బ్రైట్‌నెస్ నాబ్‌కి ‘ఏ’ రకం పాట్ (పొటెన్షియోమీటర్, అంటే తిప్పితే రెసిస్టెన్స్ మారే భాగం) వద్దు. వద్దంటే వద్దు! ‘ఏ’ అంటే వంపు రకం, తిప్పేకొద్దీ రెసిస్టెన్స్ సమానంగా మారదు; ‘బి’ అంటే సమానంగా మారేది; 10కె అంటే మొత్తం 10 కిలో ఓమ్‌లు.

మానిటర్ వెనక తడుముకునే ఆ దిక్కుమాలిన బటన్ల బదులు టేబుల్ మీద ఒక నాబ్ పెట్టుకుందాం, దాన్ని ఆర్డుయినో (మనం కోడ్ రాసి పెట్టే చిన్న బోర్డు) చదువుతుంది, కంప్యూటర్ డీడీసీ (వీడియో కేబుల్ మీదే మానిటర్‌కి ఆదేశాలు పంపే దారి) ద్వారా మానిటర్‌కి చెబుతుంది అని పోయిన వీడియోలో అన్నానా, కామెంట్లలో ఒకటే గోల. “అన్నా, కంటికి వెలుగు లాగరిథమిక్‌గా (తక్కువ వెలుగులో చిన్న మార్పూ బాగా, ఎక్కువ వెలుగులో అదే మార్పు తక్కువగా) తెలుస్తుంది, కాబట్టి ‘ఏ’ రకమే కరెక్ట్” అని. కంటి సంగతి నిజమే తమ్ముడూ, కాదనను. కానీ నువ్వు కొన్న ఆ చవక పాట్‌లో లాగరిథమ్ ఎక్కడుంది? రెండు కార్బన్ పట్టీలు కలిపి వంపు అని పేరు పెట్టారు, అంతే. సగం దాకా నత్తలా వెళ్తుంది, అతుకు దాటగానే పరుగు!

ఇదిగో మల్టీమీటర్. రెండు నాబ్‌లూ సరిగ్గా సగానికి తిప్పాను. బి10కె: మధ్య కాలికీ చివరి కాలికీ మధ్య 4.9 కిలో ఓమ్‌లు. ఏ10కె: 1.4. చూశారా? వంపు కావాలంటే కోడ్‌లో రాసుకోండి, ఒక్క లైను, నచ్చకపోతే మార్చుకోవచ్చు. కార్బన్‌ని మార్చగలరా?

అసలు ఈ ‘ఏ’ రకం మన చేతికి ఎలా వస్తుందో తెలుసా? హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఒక ఎలక్ట్రానిక్స్ కొట్లో “పొటెన్షియోమీటర్ ఇవ్వండి” అంటే కొట్టాయన నన్ను ఎగాదిగా చూశాడు. “అదే, తిప్పేది” అన్నాను. “వాల్యూమ్ కంట్రోలా? ముందే చెప్పొచ్చుగా!” అని డబ్బా తీశాడు. వాల్యూమ్ అంటే ‘ఏ’ రకమే కదా ఇస్తాడు!

ఇంకొకాయన కరెంటు ఆదా అని 100కె కొన్నాడు. బాబూ, 5 వోల్టుల మీద 10కె లాగేది అర మిల్లీ ఆంప్! ఊనో అనే ఆర్డుయినో బోర్డులో ఉండే ఏటీమెగా328పీ చిప్ డేటాషీట్ ప్రకారం, సిగ్నల్ వచ్చే వైపు ఇంపెడెన్స్ (కరెంటుకి అడ్డు) 10 కిలో ఓమ్‌లకి మించకపోతే మంచిది. 100కె నాబ్ సగంలో ఉంటే ఆ అడ్డు 25 కిలో ఓమ్‌లు, అదే 10కె నాబ్‌కి రెండున్నర.

“పాట్ చెత్త, ఎన్‌కోడర్ (ఎటు, ఎన్ని మెట్లు తిరిగిందో మాత్రమే చెప్పే నాబ్) పెట్టు” అని అరిచే బ్యాచ్‌లో సగం మంది ఇలా తప్పు పాట్ కొని చేతులు కాల్చుకున్నవాళ్లేనని నా గట్టి అనుమానం. మామూలు ఎన్‌కోడర్‌కి కరెంటు పోతే తను ఎక్కడుందో తనకే తెలీదు, పాట్‌కి తెలుసు. ఇక వెలుగు 49, 50, 49 అని ఊగుతోందా? ఆర్డుయినో నుంచి వచ్చే రీడింగ్ 0 నుంచి 1023, మనకి కావాల్సింది 100 మెట్లు, కాబట్టి రీడింగ్ కనీసం పది మారితేనే పంపమని కోడ్‌లో రాయండి.

‘ఏ’ రకం వాడుతున్న వీరులు సగంలో మీటర్ ఎంత చూపించిందో కింద రాయండి. ఫోటోతో సహా!