మెషీన్‌కి గార్డ్ తీసేసిన ఓనర్ మీద కేసు వేయొచ్చా? న్యూజెర్సీలో ఉన్నవాళ్ళు తప్పక వినండి

అందరికీ నమస్కారం అండి. న్యూజెర్సీలో మనవాళ్ళు అందరూ సాఫ్ట్‌వేర్‌లోనే లేరు కదా, వేర్‌హౌసుల్లో, గ్యాస్ స్టేషన్లలో, ప్యాకింగ్ యూనిట్లలో చాలా మంది ఉన్నారు, పనిలో దెబ్బ తగిలితే వాళ్ళకి ముందు వినపడే మాట ఏంటంటే "వర్కర్స్ కాంపెన్సేషన్ వస్తుంది, ఓనర్ మీద కేసు మాత్రం కుదరదు" అని. చాలావరకు అది నిజమే.

ఇక్కడ ఈ చట్టం 1911 నుంచి ఉంది. తప్పు ఎవరిదైనా సరే నీకు వైద్యం చేయిస్తారు, పనికి వెళ్ళలేని రోజులకి జీతంలో 70 శాతం ఇస్తారు, దానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంది, బదులుగా నువ్వు ఓనర్‌ని కోర్టుకి లాగకూడదు. నొప్పికి, బాధకి విడిగా పైసా రాదు. కానీ ఓనర్ కావాలని చేసిన అన్యాయానికి ఈ రక్షణ లేదని ఆ చట్టంలోనే రాసుంది. మరి కావాలని చేశాడని ఎలా తేల్చాలి, కొట్టాలన్న ఉద్దేశం ఉండాలా?

దీనికి హారిటన్ మెషినరీ కేసు చూడాలండి. ఒక వర్కర్ రోలింగ్ మిల్ మీద, అంటే లోహాన్ని రోలర్ల మధ్య నొక్కే మెషీన్ మీద పని చేసేవాడు, దానికి చెయ్యి లోపలికి పోకుండా ఆపే సేఫ్టీ గార్డ్ ఉంది, కానీ పని స్పీడుగా అవ్వాలని దాన్ని వైరుతో పైకి కట్టేశారు, ఏళ్ళ తరబడి అలాగే నడిపారు. గ్లవ్ మెషీన్‌లో చిక్కుకుని చెయ్యి వెంట్రుకవాసిలో తప్పించుకున్న సందర్భాలున్నాయి, అవి కంపెనీకి చెప్పారు కూడా. గార్డ్ దించండి అని ఆయన సూపర్‌వైజర్‌ని ఒకసారి కాదు మూడుసార్లు అడిగాడు. దించలేదు. 1992 డిసెంబర్‌లో గ్లవ్ లాగేసింది, ఎడమ చేతి నాలుగు వేళ్ళు కొంత మేర పోయాయి.

నాకు ఇందులో ఒళ్ళు మండిన సంగతి ఏంటంటే, ఓషా అంటే ఫెడరల్ సేఫ్టీ ఇన్‌స్పెక్టర్లు వచ్చినప్పుడు మాత్రం ఆ వైరు విప్పి గార్డ్ కిందకి దించేవాళ్ళు, వాళ్ళు వెళ్ళిపోగానే మళ్ళీ కట్టేసేవాళ్ళు! అంటే ప్రమాదం అని తెలుసు, తప్పు అని తెలుసు, ఎలా సరిచేయాలో కూడా తెలుసు.

కింది కోర్టులు కేసు కొట్టేశాయి. ఇన్నేళ్ళలో ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా అన్నది కంపెనీ వాదన. 2002లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు, తృటిలో తప్పిన ఘటనలన్నీ ఏదో ఒకరోజు చెయ్యి పోతుందని చెప్పే సాక్ష్యాలే కదా, ఓనర్‌కి హాని చేయాలనే కోరిక లేకపోయినా, దెబ్బ తగలడం దాదాపు ఖాయమని తెలిసి చేస్తే చాలు, జ్యూరీ ముందుకి వెళ్ళొచ్చు అంది. ఇన్‌స్పెక్టర్లని మోసం చేయడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది.

అలాగని గార్డ్ తీసేసిన ప్రతి కేసూ నిలబడదు, మొత్తం పరిస్థితి చూస్తామని కోర్టు అప్పుడే చెప్పింది. 2012లో ఒక గొయ్యి కూలిన కేసు వచ్చింది, అక్కడ ఓషా కావాలని చేసిన ఉల్లంఘనే అని ఫైన్ వేసినా, అదొక్కటే సరిపోదని అదే కోర్టు కొట్టేసింది. నాకైతే అది మింగుడుపడలేదు, గొయ్యికి సపోర్ట్ పెట్టకుండా మనిషిని దింపడం చిన్న పొరపాటు కాదండి. కానీ ఇవాళ్టికి రూల్ అదే.

కాబట్టి మీ దగ్గర ఇలాంటిది ఉంటే నోటితో చెప్పి వదిలేయకండి, సూపర్‌వైజర్‌కి మెసేజ్ పెట్టండి, తేదీతో ఫోటో తీసుకోండి, చిన్నగా తగిలి తప్పిపోయినా సరే రాసి పంపండి, ఎందుకంటే ఓనర్‌కి ముందే తెలుసు అన్నది నిరూపించాల్సింది మనమే. కాంపెన్సేషన్ చెక్కు తీసుకున్నావు కాబట్టి ఇంక కేసు లేదు అని ఎవరైనా అంటే నమ్మకండి, 1985లోనే ఇదే కోర్టు డ్యూపాంట్ కంపెనీ మీద వచ్చిన ఆస్బెస్టాస్ (ఊపిరితిత్తుల్ని పాడుచేసే నారలాంటి ఖనిజం) కేసులో రెండూ నడపొచ్చని, కాకపోతే ఒకే నష్టానికి రెండుసార్లు డబ్బు రాదని చెప్పింది. వీసా స్టేటస్ గురించి భయపడి దెబ్బ దాచుకునే పిల్లలకి కూడా చెప్తున్నా, పేపర్లు లేనివాళ్ళకైనా ఇక్కడ కాంపెన్సేషన్ వర్తిస్తుంది. కాంపెన్సేషన్ అడగడానికైనా, కేసు వేయడానికైనా మామూలుగా రెండేళ్ళే గడువు, ఆలోగా లాయర్‌ని కలవండి.