వానలకి ముందు వెనక తలుపు: రబ్బర్ల ఎపిసోడ్ (అనుకున్నాం)

అబ్బాయి: ఆయ్, నమస్కారమండి. రికార్డింగ్ ఆన్‌లో ఉంది బాబాయ్, ఆ టేపు గలగల్లాడించకు.

బాబాయ్: టేపు లేకుండా ఈ పని ఎక్కడ మొదలెడతావురా?

అబ్బాయి: అప్పుడేనా! సరే. ఇవాళ కంటైనర్ బండికి వెనక పైకి జరిగే తలుపు, అదే రోలప్ డోరు. మన గోదావరి డెల్టాలో కంటైనరంటే ఎక్కువగా రెక్కల తలుపులే గానీ, పార్శిల్ బళ్ళకి ఇవే వస్తున్నాయిప్పుడు. జూన్ దగ్గరకొచ్చింది కాబట్టి అడుగు రబ్బరు, పక్క రబ్బర్లు మార్చుకోవడం ఎలాగో చెప్దాం.

బాబాయ్: ముందు మూల నుంచి మూలకి టేపు పట్టమను. రెండు ఐమూలలూ ఒక్క కొలతే రావాలి. అది రాకపోతే ఏ రబ్బరేసినా ఓ పక్క నలుగుద్ది, ఓ పక్క సందు.

అబ్బాయి: పోయిన ఎపిసోడ్‌లో కూడా అదే చెప్పావు.

బాబాయ్: చెప్పాను. కాలవగట్టు మీద పక్కకి వాలిన బండిని కొలిచి, ఫ్రేమ్ వంకరంటూ మెసేజీలు పెట్టారు. సమంగా ఉన్న చోట పెట్టి కొలవాలి, లోడు దించేసి. రివర్సులో గోడకి తగిలిన బండయితే వెనక స్తంభమే లోపలికొచ్చి ఉంటది. అక్కడ తలుపుదేం తప్పు?

అబ్బాయి: సరే, రబ్బరు. తలుపు అడుగున దొప్పలో, అంటే గాడిలో కూర్చునే గొట్టం రబ్బరు. తలుపు దించాక లోపల ఒకళ్ళని టార్చితో కూర్చోబెట్టి, చీకట్లో బయట్నుంచి చూస్తే వెలుగెక్కడ కారుతుందో తెలుస్తుంది. ఇక్కడే ఓ సంగతి. కొన్ని బళ్ళకి రబ్బరు కొత్తదే, అయినా అడుగున వేలంత సందు. గొళ్ళెం తియ్యగానే తలుపు తనంతట తనే జానెడు లేస్తుంది.

బాబాయ్: తలుపు బరువు మోసే పై స్ప్రింగుకి చుట్లు ఎక్కువిచ్చేశారు. అంతే. మీ కుర్రాళ్ళ పనే.

అబ్బాయి: మా పనేంటి బాబాయ్? తలుపు బరువెక్కింది, ముఠా కూలీలు ఎత్తలేకపోతున్నారు, ఓ చుట్టు బిగిస్తే పది నిమిషాల్లో బండి రోడ్డెక్కుద్ది.

బాబాయ్: ఎందుకు బరువెక్కింది?

అబ్బాయి: స్ప్రింగు అలిసిపోయి.

బాబాయ్: అది నీ ఊహ. సగం ఎత్తి వదిలితే ఎక్కడున్నది అక్కడే నిలబడాలి. జారితే రెండు కారణాలు: స్ప్రింగు బిగువు తగ్గిందా, తలుపు బరువు పెరిగిందా? తలుపు పెరుగుద్ది రా! పలకలు ప్లైవుడ్డు. కోసిన అంచుకి రంగు లేకపోతే నీళ్ళు తాగుద్ది. రొయ్యల పెట్టెల ఐసు కరిగి, ఉప్పునీళ్ళు తలుపు అడుక్కే చేరతాయి. అందుకే అడుగు పలకే ముందు ఉబ్బుద్ది.

అబ్బాయి: ఉబ్బిందని ఎలా తెలుస్తుందో చెప్పు, వినేవాళ్ళకి పనికొస్తుంది.

బాబాయ్: వేలి కణుపుతో కొట్టు. బాగున్న పలక ఠంగుమంటది, తడిసింది మొద్దుగా పలుకుద్ది. అంచు మందం పైపలకతో పోల్చి చూడు. మడతబందు స్క్రూ పట్టు లేక తిరుగుతుంటే లోపల చెక్క పొట్టు పొట్టయిపోయినట్టే. దానికి లావు స్క్రూ ఎక్కించకండి బాబూ, ఇంకాస్త చీలుద్ది. పలక అవతలికి దూరే బోల్టేసి వెనక వెడల్పు వాషరెయ్యండి. మన ఉప్పుగాలికి స్టెయిన్‌లెస్సే నయం.

అబ్బాయి: పొట్టయితే?

బాబాయ్: ఆ ఒక్క పలకా మార్చుకో. కొత్తది బిగించే ముందే నాలుగంచులకీ, ప్రతి బెజ్జానికీ ఎపాక్సీ రంగు పట్టించాలి. బిగించాక పూస్తే బెజ్జంలోకి పోదు.

అబ్బాయి: ఒప్పుకున్నాను. కానీ స్ప్రింగు నిజంగానే అలిసిపోదా? మామూలు స్ప్రింగులు 10,000 సార్లు ఎత్తి దించే లెక్కకి చేస్తారు. పార్శిల్ బండి రోజుకి 40 చోట్ల ఆగితే 250 రోజుల్లో ఆ లెక్క చెల్లిపోయింది. ఆ బండికి బరువు వెతుకుతూ కూర్చోమంటావా?

బాబాయ్: ...అది ఒప్పుకుంటాను. కానీ వయసైపోయిన స్ప్రింగుకి చుట్టివ్వడమేంటి? మార్చాలి. రెండుంటే రెండూ ఒకేసారి.

అబ్బాయి: ఏది దోషమో తేల్చేదెలా?

బాబాయ్: తూచు.

అబ్బాయి: తలుపునా?

బాబాయ్: స్ప్రింగు బిగువు పూర్తిగా తీసేసి, నలుగురు పట్టుకుని తలుపుని మెల్లగా కాటా మీదకి దించండి. రొయ్యల చెరువున్న ప్రతి ఊళ్ళోనూ కాటా ఉంది. కొత్త స్ప్రింగు ఆర్డరిచ్చేటప్పుడు ఆ బరువే చెప్పాలి. దాంతోపాటు తీగ మందం, లోపలి వ్యాసం, పొడుగు, ఎడమ చుట్టా కుడి చుట్టా అన్నది. తీగ మందం ఒక్క చుట్టు కొలిస్తే తప్పొస్తది. బిగువు లేనప్పుడు పది చుట్ల పొడుగు మీద టేపు పెట్టి, పదితో భాగించు.

అబ్బాయి: మళ్ళీ టేపు!

బాబాయ్: మరి జేనతో కొలుస్తావా?





అబ్బాయి: (నవ్వు) సరే సరే. ఇక్కడ కొంచెం నెమ్మదిగా వినండి. బిగువు తియ్యడమని తేలిగ్గా అనేశాం. చేతులు పోయే పనిది.

బాబాయ్: ఆయ్. ఇందులో వేళాకోళం లేదు. తలుపు కిందకి దిగి ఉన్నప్పుడు స్ప్రింగు నిండా బిగుసుకుని ఉంటది. అప్పుడు అడుగు మూల కేబుల్ (తలుపుని లాగే ఇనప తాడు) బ్రాకెట్ బోల్టు మీద స్పానర్ పెట్టకూడదు. ఆ బ్రాకెట్ ఊడితే తూటాయే.

అబ్బాయి: తలుపు పూర్తిగా పైకెత్తాలి. తలుపు జరిగే రెండు ట్రాకులకీ, అడుగు రోలర్ (చక్రం) కిందగా, వైస్ గ్రిప్, అంటే బిగించి వదిలేసే పట్టకారు, బిగించాలి, జారకుండా. అప్పుడు స్ప్రింగులో బిగువు తక్కువ. తక్కువే గానీ సున్నా కాదు, అర చుట్టో చుట్టో మిగిలే ఉంటుంది. స్ప్రింగు చివర్న చుట్టు తిప్పే ముక్క, అదే కోన్, దాని బెజ్జానికి సరిపోయే గట్టి ఇనప రాడ్లు రెండు. స్క్రూడ్రైవర్ దూర్చకండి, వంగి జారిపోద్ది. ఒక రాడ్ గట్టిగా పట్టుకున్నాకే కోన్ మరలు వదులు చెయ్యాలి. రెండోది తర్వాతి బెజ్జంలో పెట్టాకే మొదటిది తియ్యాలి. నాలుగు బెజ్జాలు కాబట్టి ఒక్కో మార్పు పావు చుట్టు.

బాబాయ్: మొహం రాడ్డుకి ఎదురుగా పెట్టకూడదు, పక్కకి నిలబడాలి. తొడిగిన కొత్త స్ప్రింగు పొడుగునా సుద్దతో ఓ గీత గియ్యి. చుట్టేకొద్దీ గీత తిరుగుద్ది, ఎన్ని మెలికలు కనపడితే అన్ని చుట్లు. రెండు స్ప్రింగులకీ సమానంగా ఉండాలి. ఎన్నన్నది తలుపు మీది చీటీలో ఉండొచ్చు, దాన్ని గీకెయ్యకండి.

అబ్బాయి: తక్కువైతే?

బాబాయ్: తలుపు పైకెళ్ళినప్పుడు కేబుల్ వదులై, అది చుట్టుకునే డ్రమ్ము గాడిలోంచి జారుద్ది. దించేటప్పుడు ఒక్క పక్కే పట్టుకుని తలుపు అడ్డంగా ఇరుక్కుంటది.

అబ్బాయి: ఎక్కువైతే తలుపు పైకి దూసుకెళ్ళి చివర్న కొట్టుకుంటుంది, పై రోలర్లు విరుగుతాయి, కింద రబ్బరు నేల మీది రేకుకి, అదే చెక్కర్ ప్లేటుకి, ఆనదు. ఇందాకటి సందు అదే. సగం ఎపిసోడ్ అయిపోయింది బాబాయ్, రబ్బరు రబ్బరులాగే ఉంది.

బాబాయ్: కేబుల్ చెప్పి వదిలేస్తా. చేతికి తోలు గ్లవ్ వేసుకుని, పాత గుడ్డ కేబుల్ చుట్టూ పట్టి కిందికి లాగు. పోగు తెగి ఉంటే గుడ్డ పట్టుకుంటది. ఒక్క పోగు తెగినా మార్చెయ్యి. అడుగు బ్రాకెట్ దగ్గర వంపులో నీళ్ళు నిలబడతాయి, ముందు తుప్పు పట్టేది అక్కడే. నరసాపురం, అంతర్వేది వైపు తిరిగే బళ్ళు నెలనెలా చూసుకోవాలి.

అబ్బాయి: నూనె?

బాబాయ్: రోలర్ ఇరుసుకి, మడతబందు కడ్డీకి, షాఫ్టు బేరింగుకి రెండేసి చుక్కలు పల్చటి నూనె. స్ప్రింగు మీద కూడా పల్చగా. ట్రాకులో మాత్రం ఏదీ వద్దు. కిరసనాయిలు గుడ్డతో తుడిచి పొడిగా ఉంచడమే.

అబ్బాయి: షాపు షట్టర్ మేస్త్రీ గ్రీజు పూస్తాడు కదా?

బాబాయ్: షాపు షట్టర్ డ్రమ్ముకి చుట్టుకుంటది. ఇది పలకలుగా ఒంగి కప్పు కిందకి పోతుంది. రెండింటికీ ఒకే వైద్యం ఎలా కుదురుద్ది? అంబాజీపేటలో కొబ్బరి లోడెత్తిన బండి ట్రాకు చూడు. గ్రీజు, పీచు పొడి కలిసి పిడకలా గట్టిపడితే రోలర్ తిరగదు, ఈడ్చుకుపోతది. నైలాన్ చక్రానికి ఓ పక్క చదునుగా అరిగిపోద్ది. దాన్ని చూసి స్ప్రింగు వదులైందంటారు, ఇంకో చుట్టిస్తారు...

అబ్బాయి: మళ్ళీ అక్కడికే వచ్చావు. సరే, రబ్బరు గబగబా చెప్పేస్తున్నా. పాతది లాగేసి, దొప్ప మట్టి పోయేదాకా తోమాలి. కొత్తదానికి సబ్బునీళ్ళు రాసి ఓ పక్క నుంచి జరుపుకుంటూ ఎక్కించాలి. లాగి సాగదీస్తే తర్వాత ముడుచుకుని మూలల్లో సందు పడుతుంది. అందుకని అంగుళం ఎక్కువ వదిలి, ఓ రాత్రి అలా ఉంచి, మర్నాడు కొయ్యాలి. పక్క రబ్బర్లు తలుపుని ముట్టుకోవాలి గానీ నొక్కకూడదు.

బాబాయ్: పై రబ్బరు?

అబ్బాయి: అది వచ్చేసారి. లోపలి నుంచి లోడు జరిగి తలుపుని తోసిన కేసు కూడా అప్పుడే, అడ్డపట్టీ కట్టడం గురించి అడిగారు. అదిగో, బయట హారన్ కొడుతున్నాడు, మన బండి అడ్డంగా ఉన్నట్టుంది.

బాబాయ్: తాళాలు నీ దగ్గరే ఉన్నాయి.

అబ్బాయి: నా దగ్గరెక్కడ ఉన్నాయి? ఇందాక నువ్వే... ఆగు, ఆపేస్తున్నా.