మార్చిలో అడవి పోలేదు, ఆకు రాలింది

అందరికీ నమస్కారం. ఉపగ్రహ చిత్రాలతో మన అడవుల మ్యాపులు వేయడం గురించి ఇవాళ మాట్లాడుకుందాం. ముందే చెప్పేస్తున్నా, ఏ బటన్ నొక్కితే ఏ మ్యాప్ వస్తుందో ఈ గంటలో నేర్పను. అదంతా యూట్యూబ్‌లో కావలసినంత ఉంది. మ్యాపులు వేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం, యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రాలు ఉచితం, అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి ఉచితం, మన ఇస్రో మ్యాపుల వెబ్‌సైటు భువన్ 2009 నుంచి నడుస్తోంది, డెహ్రాడూన్‌లో ఇస్రో శిక్షణ సంస్థ ఐఐఆర్‌ఎస్ వాళ్లయితే ఆన్‌లైన్‌లో ఫీజు లేకుండా కోర్సులు చెప్తున్నారు. కాబట్టి వేలకు వేలు కట్టించుకుని సర్టిఫికెట్ ఇస్తామనే చోటికి పరుగెత్తకండి. బటన్లు నెల రోజుల్లో వచ్చేస్తాయి. చిత్రంలో కనిపించే కొండ గురించి మీకేం తెలుసు అన్నదే అసలు సంగతి.

ఉదాహరణకి మన శేషాచలం తీసుకుందాం. పచ్చటి ఆకు ఎరుపు కాంతిని పీల్చేసుకుని, మన కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ని తిప్పికొడుతుంది. ఈ రెండింటి తేడాని రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ, అంటే పచ్చదనం కొలత. డిసెంబరు చిత్రంలో ఒక పిక్సెల్‌లో, అంటే చిత్రంలోని ఒక చిన్న గడిలో, తిరిగొచ్చిన కాంతి వాటా ఇన్‌ఫ్రారెడ్‌లో 0.40, ఎరుపులో 0.05 ఉందనుకోండి, 0.35ని 0.45తో భాగిస్తే 0.78 దగ్గర వస్తుంది, అంటే దట్టమైన పచ్చదనం. అదే పిక్సెల్ మార్చి చిత్రంలో ఇన్‌ఫ్రారెడ్ 0.25, ఎరుపు 0.15 చూపిస్తే విలువ 0.25కి పడిపోతుంది. ఇక మనవాళ్లు ఆ డిసెంబరు చిత్రాన్నీ ఈ మార్చి చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి, తేడా లెక్కేసి, కొండంతా ఎర్ర రంగు పూసి 'అడవి నరికివేత' అని పేరు పెట్టేస్తారు. ఏటా ఎవరో ఒకరు ఇలాంటి ప్రాజెక్టు తెస్తూనే ఉంటారు!

నరికింది ఎవరూ లేరు. మనది చాలావరకు ఆకురాల్చే అడవి, ఎర్రచందనం కూడా ఎండాకాలం వచ్చేసరికి ఆకు దులిపేస్తుంది. ఈ ముక్క మామండూరు వైపు మేకలు తోలుకెళ్లే ఎవరినడిగినా చెప్తారు, సాఫ్ట్‌వేర్ మాత్రం చెప్పదు. పోల్చాలంటే మార్చిని మార్చితోనే పోల్చాలి, అది కూడా ఆ ఏడూ ఈ ఏడూ వానలెలా పడ్డాయో చూసుకున్నాకే.

ఇంకో తిరకాసు, మనకు గట్టి వానలు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అడవి పచ్చబడుతున్న ఆ రోజుల్లోనే చిత్రం నిండా మబ్బులు. డిసెంబరుకి మబ్బు తేలిపోతుంది కానీ నీడలు మొదలవుతాయి. ఉపగ్రహం వచ్చేది ఉదయం పదిన్నర ప్రాంతంలో, అప్పటికి సూర్యుడు ఆగ్నేయంగా వాలి ఉంటాడు, అందుకని వాయవ్యం వైపు వాలులన్నీ నల్లగా పడతాయి, కంప్యూటర్ వాటిని నీళ్లనుకుంటుంది. లేని చెరువులు లోయల్లో పుట్టుకొస్తాయి. మబ్బుల బాధ తప్పాలంటే రాడార్ ఉంది. 2025 జులై 30న మన శ్రీహరికోట నుంచే వెళ్లిన నాసా-ఇస్రో రాడార్ ఉపగ్రహం నిసార్ మబ్బుల్లోంచి కూడా చూస్తుంది, కానీ కొండల దగ్గర రాడార్‌కీ దాని తలనొప్పులు దానికున్నాయి, శిఖరాలు రాడార్ వైపుకి ఒరిగిపోయినట్టు పడతాయి. అది మళ్లీ ఒక రోజు క్లాసు.

ఉపగ్రహంతో ఎర్రచందనం దొంగల్ని పట్టుకోవచ్చా అని ప్రతి చోటా అడుగుతారు. సెంటినెల్ పిక్సెల్ ఒకటి పది మీటర్లకి పది మీటర్లు. అందులో ఒక చెట్టు పోయినా చిత్రం పెద్దగా మారదు. కుదరదు, అంతే.

ఇప్పుడు మామిడి తోటల సంగతి. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో ఒక హెక్టారుకి తగ్గని నేలలో పది శాతాన్ని చెట్ల కొమ్మలు కప్పితే చాలు, అది ఎవరి భూమైనా, ఏ చెట్లయినా అటవీ విస్తీర్ణం కిందికే వస్తుంది. అంటే దామలచెరువు చుట్టుపక్కల తోతాపురి తోటలు కూడా అందులోకి రావచ్చు. దాన్ని తప్పని నేననను, వాళ్ల నిర్వచనం అది. కానీ మీకు తోట వేరు, అడవి వేరు కావాలంటే ఇందాక మోసం చేసిన ఆ మార్చి చిత్రమే పనికొస్తుంది. మామిడి ఎండల్లోనూ పచ్చగానే ఉంటుంది, పక్కన గుట్ట మాత్రం మోడు. డిసెంబరులో కలిసిపోయిన రెండూ మార్చిలో విడిపోతాయి. తలకోన లాంటి తడి లోయలు కూడా కొంత పచ్చగానే మిగులుతాయి, అక్కడ మాత్రం జాగ్రత్త.

మీ మ్యాప్ సరిచూసుకోవడానికి ఆ చోటికే వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. కానీ జీపీఎస్ పట్టుకుని రిజర్వ్ ఫారెస్టులోకి దూరకండి, మీరు ప్రాజెక్టు చేస్తున్నారని ఎర్రచందనం దొంగల్ని పట్టే టాస్క్‌ఫోర్స్ వాళ్లకేం కలొస్తుందా? కాలేజీ లెటర్‌తో అటవీ శాఖ అధికారి డీఎఫ్‌ఓ అనుమతి తెచ్చుకోండి. అందాకా భాకరాపేట ఘాట్ రోడ్డు, శ్రీవారి మెట్టు, తోటల మధ్య ఊరిదారులు చాలు. ఆగిన చోటల్లా ఫోన్లో పాయింట్ తీసుకుని, నాలుగు దిక్కులా ఫొటోలు తీసి, అక్కడున్న మనిషిని పిలిచి ఇదేం చెట్టన్నా అని అడగండి.

విస్తీర్ణం లెక్కేసే ముందు మాత్రం ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని బల్లపరుపు మ్యాపులోకి దించే పద్ధతి, యూటీఎంకి మార్చండి, అది మీటర్లలో కొలుస్తుంది. డిగ్రీల్లో వదిలేస్తే చదరపు డిగ్రీల్లో ఏదో అంకె వస్తుంది, దాంతో ఎవరికీ ఉపయోగం లేదు. తిరుపతి, చిత్తూరు, కుప్పం అన్నీ యూటీఎం జోన్ 44లోనే ఉన్నాయి. అనంతపురం నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, మీ ఊరిది 43.