పేరు చెక్కిన కత్తి

శ్రోతలందరికీ నమస్కారం.

ముందుగా మీకు ఒక బొమ్మ గురించి చెబుతాను. ఒక బల్ల, దాని మీద చేపలు. పక్కన తళతళలాడే లోహపు చిల్లుల గిన్నె. బల్ల అంచున ఒక పిల్లి. ముందు కాళ్ళు చేప మీద వేసి, చెవులు వెనక్కి వాల్చి, అటే చూస్తోంది. పిల్లిని పెంచినవాళ్ళకు ఆ చెవుల భాష తెలుసు. ఎవరో ఆ చేపను లాక్కోబోతున్నారు, అది ససేమిరా వదలనంటోంది. ఆ ఎవరో బొమ్మలో కనిపించరు. బల్లకు ఇవతల, చూస్తున్న మన పక్కనే నిలబడి ఉన్నట్టుంటారు. ఫోటోను పెద్దది చేసుకుని నేను చాలాసేపు చూశాను, ఆ చిల్లుల గిన్నె మీద మెరుపు దగ్గర చూపు ఆగిపోతుంది.

నాలుగు వందల ఏళ్ళ కిందటి ఈ బొమ్మ గీసినామె పేరు క్లారా పీటర్స్. ఈవేళ అది అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో, స్త్రీల కళ కోసమే పెట్టిన ఒక మ్యూజియంలో ఉంది. ‘నేషనల్ మ్యూజియం ఆఫ్ విమెన్ ఇన్ ది ఆర్ట్స్’ అని దాని పేరు. ఆ మ్యూజియం పుట్టడానికి కారణమూ ఈ క్లారాయే.

దాన్ని పెట్టింది విల్హెల్మినా హాలడే, ఆమె భర్త వాలస్. బొమ్మలంటే ఇష్టమున్న దంపతులు. ఒకసారి యూరప్ వెళ్ళినప్పుడు వియన్నాలోని ఒక మ్యూజియంలో ఒక స్టిల్ లైఫ్ చూసి ముచ్చటపడ్డారు. స్టిల్ లైఫ్ అంటే పళ్ళు, పూలు, పాత్రలు, ఇలా కదలని వస్తువులను గీసిన బొమ్మ. గీసింది క్లారా పీటర్స్ అని ఉంది. తర్వాత స్పెయిన్‌లో ప్రాడో మ్యూజియానికి వెళితే అక్కడా ఆమె బొమ్మలు కనిపించాయి. ఇంత పెద్ద మ్యూజియంలు రెండింటిలో చోటున్న మనిషి కదా, ఎవరో తెలుసుకుందామని ఇంటికొచ్చాక కళాచరిత్ర పుస్తకం తీశారు. జాన్సన్ రాసిన ఆ పుస్తకం 1962లో వచ్చింది. అమెరికా కాలేజీల్లో తరాల తరబడి పిల్లలు చదువుకున్న పాఠ్యగ్రంథం అది. అందులో క్లారా పీటర్స్ లేదు. క్లారాయే కాదు, ఒక్క స్త్రీ పేరు కూడా లేదు.

కొన్ని వేల ఏళ్ళ చరిత్ర రాసిన అంత లావు పుస్తకం అది. అందులోకి చిత్రకారిణుల పేర్లు ఎక్కడానికి 1980ల నడిమి దాకా పట్టింది.

ఆడవాళ్ళు గీయలేదు కాబట్టి చరిత్రలో లేరని మనలో చాలామందికి ఒక నమ్మకం. గీసినవాళ్ళ పేర్లు ఎలా పోయాయో తెలియడానికి జూడిత్ లేస్టర్ కథ ఒక్కటి చాలు. ఆమెది నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ పట్టణం. 1633 నాటికే అక్కడి చిత్రకారుల సంఘంలో సభ్యురాలు. అంటే సొంతంగా పని చేసుకుని, బొమ్మలు అమ్ముకునే హక్కున్న మనిషి. 1660లో ఆమె పోయాక పేరు మరుగున పడింది. బొమ్మలు మాత్రం ఎక్కడికీ పోలేదు. అదే ఊరి మహా చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ పేరు మీద అవి చేతులు మారుతూ వచ్చాయి.

అలా హాల్స్‌దని నమ్మి అమ్మిన ఒక బొమ్మ మీద, 1893లో, ఒక చిన్న గుర్తు బయటపడింది. జె, ఎల్ అనే రెండక్షరాలు, వాటికి తగిలించి ఒక చుక్క. లేస్టర్ అన్న మాటకు దారి చూపే నక్షత్రం అని అర్థం. ఆమె తన ఇంటిపేరునే అలా చుక్కగా వేసుకునేది. హాల్స్ అంతటి చేయి ఇంకొకటి ఉందని తెలిసినప్పుడు లోకం సంబరపడాలి. జరిగింది అది కాదు. వ్యాపారులు కోర్టుకెక్కారు. చివరికి ధర తగ్గించుకుని రాజీ పడ్డారు. బొమ్మ అదే, రంగులు అవే, ఆ నవ్వు ముఖాలూ అవే. పేరు మారేసరికి విలువ పడిపోయింది. ఈ సంగతి చదివిన రోజు నాకు నిజంగా కడుపు మండింది.

ఇప్పుడు జూడిత్ గీసిన ‘కచేరీ’ బొమ్మ వాషింగ్టన్ మ్యూజియంలో, ఆమె పేరుతోనే ఉంది. మధ్యలో కూర్చుని పాడుతున్నది జూడితేనని చాలామంది అంటారు.

ఇక ఆ మ్యూజియం సంగతి. 1981లో సంస్థగా మొదలైనప్పుడు దానికి సొంత ఇల్లు లేదు. హాలడే దంపతుల ఇంట్లోనే గోడల మీదున్న బొమ్మలను వచ్చినవాళ్ళకు చూపించేవారు. 1983లో వాషింగ్టన్ నడిబొడ్డున ఒక పాత భవనం కొన్నారు. 1908లో ఫ్రీమేసన్లు అనే సోదర సంఘం కట్టుకున్న మందిరం అది. ఆ సంఘం ఆడవాళ్ళను సభ్యులుగా చేర్చుకునేది కాదు. 1987 ఏప్రిల్ 7న అదే భవనం స్త్రీల మ్యూజియంగా తలుపులు తీసింది. మొన్నమొన్న, రెండేళ్ళకు పైగా మూసి బాగుచేయించి, 2023 అక్టోబరులో మళ్ళీ తెరిచారు. అది చూడకుండానే విల్హెల్మినా 2021లో, 98 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

లోపల ఏముందో అంతా చెప్పాలంటే ఈ సమయం సరిపోదు. మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో 1937లో గీసుకున్న తన బొమ్మ ఉంది. ఇటలీలోని బొలోన్యా నగరానికి చెందిన లవీనియా ఫొంటానా, సుమారు 1580లో గీసిన ఒక సంపన్నురాలి చిత్రం ఉంది. మెడలో నగలు, ఒంటి మీద ఎర్రటి పట్టు. ఆ ఊళ్ళో పెళ్ళికూతుళ్ళు ఎరుపు కట్టేవారట. మన పెళ్ళి బట్టల కొట్లో నిలబడినట్టే అనిపిస్తుంది. ఆ జరీ పనిని పోగు పోగునా గీసిన లవీనియా పదకొండు మంది పిల్లల తల్లి. ఆ ఇల్లు ఆమె సంపాదన మీదే నడిచింది.

నాకు బాగా దగ్గరైన మనిషి ఆల్మా థామస్. వాషింగ్టన్‌లోనే బడిపిల్లలకు 35 ఏళ్ళు డ్రాయింగు నేర్పిన నల్లజాతి పంతులమ్మ. 1960లో రిటైరయ్యాక పూర్తికాలం బొమ్మలకు కూర్చుంది. పూలమడిని పైనుంచి చూసినట్టు, చిన్న చిన్న రంగుల పెళ్ళలు వరసలుగా పేర్చుకుంటూ పోతుంది. న్యూయార్కులోని విట్నీ మ్యూజియం 1972లో ఆమె ఒక్కదాని ప్రదర్శన పెట్టింది. నల్లజాతి స్త్రీకి అక్కడ ఆ గౌరవం దక్కడం అదే మొదలు. అప్పటికి ఆమెకు 80 ఏళ్ళు.

ఆడవాళ్ళకు విడిగా మ్యూజియం ఎందుకు, ఇది వేరుకుంపటి కాదా అని మొదట్లోనే కొందరు అడిగారు. వారిలో స్త్రీవాదులూ ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ 2019లో అమెరికాలోని 18 పెద్ద మ్యూజియంల సేకరణలను పరిశీలిస్తే, కళాకారుల్లో 87 శాతం మగవాళ్ళేనని తేలింది. ఉమ్మడి ఇంట్లో వడ్డన ఇలా ఉన్నప్పుడు వేరే పొయ్యి పెట్టుకున్నవాళ్ళను తప్పుపట్టడం నాకు చేతకాదు.

ఈ మ్యూజియం 2016 నుంచి జనాన్ని ఒక ప్రశ్న అడుగుతోంది. ఐదుగురు చిత్రకారిణుల పేర్లు చెప్పగలరా అని. రేడియో కట్టేశాక ఇంట్లో అడిగి చూడండి. అమృతా షేర్‌గిల్ పేరు చాలామందికి వస్తుంది. తర్వాత తడుముకుంటాం. రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాల మనందరికీ తెలుసు. ఆయన భార్య సత్యవాణి గారు కూడా చిత్రకారిణే. ఐదు వేళ్ళలో ఒక వేలు ఆమె పేరున మడవచ్చు.

మళ్ళీ క్లారా దగ్గరకు వస్తాను. ఆమె బొమ్మల్లో బల్ల మీద తరచూ ఒక వెండి కత్తి ఉంటుంది. అప్పట్లో ఆమె దేశంలో పెళ్ళికి ఇచ్చే రకం. దాని పిడి అంచున చెక్కినట్టు ఆమె తన పేరు రాసుకునేది. పూర్తి పేరు, క్లారా పీటర్స్ అని. కొన్ని బొమ్మల్లో ఇంకొకటి చేసింది. మెరిసే బంగారు పూత గిన్నె ఉబ్బు మీద, బుడిపె బుడిపెలో, ఆవగింజంత ముఖం కనిపిస్తుంది. ముక్కు దగ్గరగా పెట్టి చూస్తే తెలుస్తుంది, చేతిలో రంగుల పలక, కుంచెలు పట్టుకుని, కిటికీ వెలుగులో నిలబడి మనవైపే చూస్తున్న ఒక అమ్మాయి.

సెలవు. నమస్కారం.