మాట్లాడుతున్నాడుగా, ఏం కాలేదులే!

(రోడ్డు భద్రతా మాసోత్సవాల్లో ఆటో, లారీ డ్రైవర్ల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, రవాణా శాఖ అధికారులకు, బేరాలు వదులుకుని వచ్చిన డ్రైవరన్నలకు నమస్కారం. అందరి పేర్లూ చదివితే పావుగంట పోతుంది, మన్నించాలి.

హెల్మెట్ గురించి చెప్పమన్నారు. ఆ సంగతి చలాన్లు బాగానే చెబుతున్నాయి. నాది ఒక్క మాట: బకిల్ పెట్టని హెల్మెట్ మనిషి కిందపడకముందే ఎగిరిపోతుంది. పడ్డాక ఏం జరుగుతుందో మాట్లాడుకుందాం.

బండి మీంచి పడ్డ మనిషికి ఒక నిమిషం స్పృహ ఉండదు. తర్వాత లేస్తాడు, బట్టలు దులుపుకుంటాడు, ఊరి పేరు చెబుతాడు. "మాట్లాడుతున్నాడుగా, ఏం కాలేదులే" అని సోడా తాగించి పంపేస్తారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఎందుకో వినండి. కణత దగ్గర పుర్రె ఎముక పలచన. లోపల దాన్ని ఆనుకునే ఒక ధమని పోతుంది. ఎముక చిట్లితే అది తెగి, పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరుతుంది. పుర్రె సాగదు. రక్తపు గడ్డ పెరిగేకొద్దీ నలిగేది మెదడే. అందుకు కొన్ని నిమిషాలు పట్టొచ్చు, కొన్ని గంటలూ పట్టొచ్చు. ఆలోగా మనిషి మామూలుగానే కనిపిస్తాడు. ఇంటికెళ్లి పడుకుంటాడు, గురక పెడతాడు. అలసిపోయాడులే అనుకుంటారు. వేళకు సీటీ స్కాన్ తీసి ఆపరేషన్ చేస్తే బాగుపడే దెబ్బ ఇది!

పైన చర్మం చిట్లలేదనో, నాలుగు కుట్లతో పోయిందనో ధైర్యపడకండి. పైగాయం లోపలి సంగతి చెప్పదు. రెండుసార్లు వాంతి అయినా, తలనొప్పి పెరుగుతున్నా, అడిగిందే అడుగుతున్నా, మాట తడబడినా, ఒక చెయ్యో కాలో పట్టు తప్పినా, ఫిట్స్ వచ్చినా, ఒక కంటిపాప పెద్దదైనా, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలాంటిది కారినా ఆలస్యం చేయొద్దు. ఆ చెవిలో దూది కుక్కొద్దు. నిద్రపోనివ్వకూడదంటారు, అది కాదు అసలు విషయం. లేపితే మామూలుగా లేవాలి. లేవకపోతే వెంటనే ఆసుపత్రికి.

మీ ఇళ్లలో పెద్దవాళ్లున్నారా? బాత్రూంలో జారిపడ్డ తాతకు రెండు మూడు వారాల తర్వాత నడక తూలి, మతిమరుపు వస్తే వయసు మీద తోసేయకండి. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లైతే చిన్న దెబ్బకే, ఏ లక్షణమూ లేకపోయినా, ఆ రోజే చూపించాలి. రెండేళ్లలోపు పిల్లలు మూడడుగుల పైనుంచి పడ్డా, పాలు తాగకపోయినా, మాడు ఉబ్బినా అంతే.

ఫిట్స్ వస్తే తాళాల గుత్తి చేతిలో పెడతారు. ఇనుము మెదడుకేం చేస్తుందయ్యా? పక్కకు ఒత్తిగిల్లబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి.

ఇక మీ పని. తలకు దెబ్బంటే మెడకూ తగిలిందనే లెక్క. ఆటోలో మడిచి కూలేయొద్దు. 108కి ఫోన్ చేసి, తలా మెడా కదలకుండా ఒకరు రెండు చేతులతో పట్టుకోండి. వాంతి వస్తే తల, మెడ, నడుము ఒకేసారి పక్కకు తిప్పండి. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ జోలికి పోవద్దు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదమండి. ఎముక లోపలికి దిగినట్టుంటే మాత్రం అదమకుండా పైపైన కప్పండి. నీళ్లూ సోడా వద్దు. మగతలో ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆపరేషన్‌కీ అడ్డం.

కేసవుతుందని భయమా? 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. మంచి మనసుతో సాయం చేసినవారి మీద కేసు ఉండదు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు, ఆసుపత్రిలో ఆపి డబ్బు కట్టమనకూడదు.

108 వాళ్లకు నాలుగు సంగతులు చెప్పండి: ఎప్పుడు పడ్డాడు, స్పృహ తప్పిందా, ఎన్నిసార్లు వాంతి అయింది, ఏ మందులు వాడుతున్నాడు. సీటీ స్కాన్, మెదడు ఆపరేషన్ చేసే డాక్టరూ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని అడగండి.