ఆ సీసాలో ఉన్నవి కుళాయి నీళ్ళు: ‘ది ఎక్సార్సిస్ట్’ నవల ఎలా చదవాలి

నమస్తే అండి. బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల షాపుకి వెళ్ళి, హారర్ అరలోంచి ‘ది ఎక్సార్సిస్ట్’ తీసి, “ఓ, దయ్యం పట్టిన పిల్ల కథేగా, సినిమా చూసేశాం” అని మళ్ళీ అక్కడే పెట్టేసేవాళ్ళ కోసం ఈ వీడియో. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెప్తాను.

నవల 1971లో వచ్చింది, రాసింది విలియం పీటర్ బ్లాటీ. 1973 సినిమాకి స్క్రీన్‌ప్లే కూడా ఆయనదే, దానికి ఆస్కార్ వచ్చింది. కాబట్టి సినిమా వాళ్ళు పుస్తకాన్ని పాడుచేశారని నేను అనను. కాకపోతే తెర మీద మంచం ఊగుతుంటే, పక్కన నిలబడ్డ మనిషి మొహం ఎవరికి గుర్తుంటుంది? నవల మొత్తం ఆ మనిషిదే.

[స్క్రీన్ మీద: ఫాదర్ డేమియన్ కారస్]

కారస్ జెసూట్ ఫాదర్. ఇక్కడ మన సెయింట్ జోసెఫ్స్, విజయవాడలో ఆంధ్రా లయోలా నడిపే సంఘం ఉందే, వాళ్ళ మనిషి. పైగా సైకియాట్రిస్టు. వాషింగ్టన్‌లో జార్జ్‌టౌన్ యూనివర్సిటీ దగ్గర తోటి ఫాదర్ల మనసులో బాధలు వినడం ఆయన పని. వాళ్ళకి ధైర్యం చెప్తున్న ఈయనకే దేవుడి మీద నమ్మకం జారిపోతోంది. తల్లి న్యూయార్క్‌లో ఒక్కతే, పేదరికంలో. సన్యాసం తీసుకున్నాడు కాబట్టి చేతిలో సొంత డబ్బు లేదు. ఆవిడ పోతుంది. డాక్టర్ చదువు చదివిన కొడుకు ఉండి కూడా అలా పోయింది. ఆ తప్పు చేశానన్న భావం పట్టుకున్నాక, రీగన్ అనే పదకొండు, పన్నెండేళ్ళ పిల్ల కేసు ఆయన దగ్గరికి వస్తుంది. పిల్ల తల్లి క్రిస్ సినిమా నటి, దేవుణ్ణి నమ్మదు. భర్తతో విడిపోయింది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సీన్. దీన్ని ఈ వీడియోలో ఇంకో రెండుసార్లు తెస్తాను, ఓపిక పట్టండి.

కారస్ చిన్న సీసా తీసి, ఇది పవిత్ర జలం అని చెప్పి రీగన్ మీద చల్లుతాడు. ఆ పిల్ల లోపల ఉన్నది కాలినట్టు మెలికలు తిరిగి అరుస్తుంది. చూసే తల్లికి ఇంకేం కావాలి, రుజువు దొరికేసింది. తర్వాత కారస్ అసలు సంగతి చెప్తాడు: అవి మామూలు కుళాయి నీళ్ళు. పవిత్ర జలం అనుకుని గింజుకుంది. కాబట్టి ఇది మనసులో రోగం అయుండొచ్చు.

ఒక ఫాదర్ ఎందుకు ఇలా పరీక్ష పెడతాడు? ఇక్కడే మనవాళ్ళు పొరబడేది. చర్చి వాళ్ళు శిలువ పట్టుకుని పరిగెత్తుకొస్తారని అనుకుంటాం. చర్చి క్రతువుల పుస్తకం, 1614 నాటి రోమన్ రిచువల్, మొదట చెప్పేదే, దయ్యం పట్టిందని తేలిగ్గా నమ్మొద్దు అని. చూడాల్సిన గుర్తులు కూడా ఇచ్చింది. నేర్చుకోని భాష మాట్లాడటం లేదా అర్థం చేసుకోవడం. దూరాన ఉన్నవీ దాగి ఉన్నవీ చెప్పడం. వయసుకి మించిన బలం. ఆ తర్వాత కూడా బిషప్ అనుమతి లేకుండా దయ్యాన్ని వదిలించే క్రతువు మొదలుపెట్టకూడదు. అంటే కారస్ చేస్తున్నది ఫైలు తయారుచేయడం.

ఒక్కో గుర్తునీ ఆయనే కొట్టేస్తుంటాడు చూడండి, నవల బలం అంతా అక్కడుంది. వింత భాష టేపు మీద రికార్డయింది కదా? యూనివర్సిటీలో భాషలవాళ్ళకి వినిపిస్తే అది వెనక నుంచి ముందుకి పలికిన ఇంగ్లీషు. లాటిన్‌లో అడిగితే సూటిగా జవాబు చెప్పదు, వెటకారం చేసి తప్పించుకుంటుంది. రహస్యాలు చెప్తే? ఎదుటివాడి మనసు చదివిందేమో అంటాడు. దయ్యాల పూజల మీద ఇంట్లో ఒక పుస్తకం ఉంది, ఆ పిల్ల చదివి ఆ లక్షణాలే తెచ్చుకుందేమో అంటాడు. ఈలోపు డాక్టర్ల వంతు ఎలాగూ అయిపోయింది. రిటాలిన్ ఇచ్చారు, వెన్నులో నీరు తీశారు, మెదడులో టెంపొరల్ లోబ్ దెబ్బతిందేమో అని వెతికారు. చివరికి క్లినిక్ వాళ్ళే, పట్టిందని నమ్మే మనిషికి వదిలిందన్న నమ్మకం కూడా కలిగించవచ్చు, క్రతువు చేయించి చూడండి అంటారు. సైన్స్ వాళ్ళు చర్చికి పంపుతుంటే చర్చి మనిషి ఆసుపత్రికి పంపమంటాడు. ఇంత చక్కటి తిరకాసు హారర్‌లో అరుదు.

ఇదే పిల్ల ఇవాళ హోసూర్ రోడ్డులో మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌కి వచ్చిందనుకోండి, అక్కడ కూడా ‘పట్టడం’ అన్న మాటకి చోటుంది. రోగాల అంతర్జాతీయ జాబితా ఐసీడీ-10లో ఎఫ్44.3, ట్రాన్స్ అండ్ పొసెషన్ డిజార్డర్స్. అందులో ఒక షరతు ఉంది: మనిషి కోరుకోకుండా వచ్చి, రోజువారీ బతుకుని చెడగొడితేనే అది రోగం. జాతరలో అమ్మవారు పూనడం లాంటివి, ఆచారంలో భాగంగా జరిగేవి, ఆ లెక్కలోకి రావు. కారస్‌కి ఈ తేడా బాగా నచ్చేది.

సరే, మళ్ళీ సీసా దగ్గరికి. కుళాయి నీళ్ళకి గింజుకుంది కాబట్టి దయ్యం లేదు, అంతేనా? కాదండి. లోపల నిజంగానే ఏదో ఉందనుకోండి. దానికి అవి కుళాయి నీళ్ళని తెలిసి, కావాలనే అరిచి ఉంటే? కారస్ చేతిలో ఉన్న రుజువు కాస్తా ఎగిరిపోతుంది, అనుమతి ఆలస్యమవుతుంది, ఆయన అనుమానం ఇంకాస్త పెరుగుతుంది. దానికి లాభమే. అటు చూసినా సరిపోతుంది, ఇటు చూసినా సరిపోతుంది. బ్లాటీ ఒక్క సీసాతో రెండు తలుపులూ తెరిచి పెట్టాడు.

ఇంకోటి దగ్గరగా చూద్దాం. మొదట్లో సబ్‌వే ప్లాట్‌ఫామ్ మీద తాగుబోతు ముసలాడు ఒకడు కారస్‌ని చెయ్యి చాపి అడుగుతాడు, నేనూ చిన్నప్పుడు చర్చిలో సేవ చేసినవాణ్ణే ఫాదర్ అని. ఆ కంపు, ఆ మొహం కారస్‌కి భరించడం కష్టమవుతుంది. తర్వాత అదే మాట రీగన్ నోట్లోంచి వస్తుంది. తల్లి పిలిచే ‘డిమ్మీ’ అన్న పిలుపు కూడా. సినిమాలో ఇవి ఒళ్ళు జలదరించే క్షణాలు. పుస్తకంలో గుచ్చే విషయం వేరే: ఆ ముసలాణ్ణీ, తల్లినీ కారస్ సరిగ్గా ప్రేమించలేకపోయాడు, అది ఆయనకి తెలుసు. లోపలున్నది వేలు పెట్టేది సరిగ్గా ఆ పుండు మీదే.

దీనికి జవాబు, క్రతువు జరిపించడానికి వచ్చిన పెద్ద ఫాదర్ మెర్రిన్ ఇస్తాడు. క్రతువు మధ్య విరామంలో ఇద్దరూ మాట్లాడుకుంటారు. దయ్యం గురి ఆ పిల్ల కాదు, చూస్తున్న మనం అంటాడు మెర్రిన్. మనల్ని మనమే అసహ్యించుకుని, మనలాంటి వాళ్ళని దేవుడు ప్రేమించడు అనుకోవాలి, దానికి కావలసింది అదీ. తనకి కూడా మనుషులంటే ఏవగింపు ఉండేదని, ప్రేమ పుట్టకపోయినా ప్రేమగా నడుచుకోవడం మన చేతిలోనే ఉందని తర్వాత తెలిసిందని అంటాడు. 1973లో సినిమా విడుదలైనప్పుడు ఈ సంభాషణ లేదు, 2000 నాటి వెర్షన్‌లో కొంత చేర్చారు. నన్నడిగితే పుస్తకంలో ఈ పేజీలు చదవనివాళ్ళు నవల చదవనట్టే.

అయ్యో, టైమ్ అయిపోతోంది. మిగతావి గబగబా.

ముగింపు చెప్పేస్తున్నా, చదవనివాళ్ళు ముప్పై సెకన్లు ముందుకి జరపండి. మెర్రిన్ చనిపోయాక కారస్ ఆ దయ్యాన్ని తనలోకి రమ్మంటాడు, కిటికీలోంచి దూకేస్తాడు. కింద జార్జ్‌టౌన్‌లో 75 మెట్లు, ఇప్పటికీ ఉన్నాయి. నవలలో ఆ గదిలో జరిగింది మనకి చూపించరు, కింద ఉన్న క్రిస్ చెవులకి వినపడినంతే. అందుకే చాలామంది దయ్యమే గెలిచిందనుకుంటారు. సీసా గుర్తుందిగా? రుజువు కోసం నీళ్ళు చల్లిన మనిషి, ఇక్కడ ఏ రుజువూ అడక్కుండా పని చేశాడు. మెర్రిన్ చెప్పింది ఇదే.

చదివే పద్ధతి. ఇరాక్‌లో జరిగే తొలి ఘట్టం దగ్గర చాలామంది ఆపేస్తారు, కథకి సంబంధం లేదనిపించి. అది మెర్రిన్ పాత శత్రువుని గుర్తుపట్టే చోటు, దాటెయ్యకండి. ఆయన మళ్ళీ దాదాపు చివర్లోనే వస్తాడు. ఒక పెన్సిల్ దగ్గర పెట్టుకుని, వింత జరిగిన ప్రతిచోటా కారస్ దానికి ఏ కారణం చెప్పాడో మార్జిన్‌లో రాయండి. సగం దాటాక ఆ కారణాలు ఒకదానితో ఒకటి కొట్టుకోవడం కనిపిస్తుంది.

నిజంగా జరిగిందా అని కామెంట్లలో అడుగుతారు కాబట్టి: 1949లో మేరీల్యాండ్‌కి చెందిన ఒక అబ్బాయి మీద జరిగిన క్రతువు వార్త, విద్యార్థిగా ఉన్నప్పుడు బ్లాటీ చదివాడు. అబ్బాయిని అమ్మాయిని చేశాడు, మిగతాది కల్పన.

కొనేటప్పుడు ఏ ఎడిషనో చూసుకోండి. 2011లో నలభయ్యేళ్ళ సందర్భంగా బ్లాటీ పుస్తకాన్ని సవరించి కొత్త సన్నివేశం చేర్చాడు. పాత షాపుల్లో దొరికేవి ఎక్కువగా 1971 పాఠమే, మొదటిసారికి అదే తీసుకోండి. తర్వాత ఈ నవలలోనే ఉన్న కిండర్మన్ అనే పోలీసాయన హీరోగా 1983లో ‘లెజియన్’ రాశాడు, దాని మీద వచ్చే వీడియో.