టెస్ట్ సక్సెస్ అయినా భీమిలి ఎందుకు రాలేదు?

నమస్కారం. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లోని పడవల వివరాలు, వాటి యజమానుల ఊళ్లతో సహా తెలుగులో రాసి ఉన్న ఎక్సెల్ షీటు ఒకటి మన దగ్గర ఉన్నదనుకుందాం. దానిని పెంటాహో డేటా ఇంటిగ్రేషన్ (డేటాను ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చే సాఫ్ట్‌వేర్) ద్వారా మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లోకి ఎక్కించడానికి కనెక్షన్ ఎలా పెట్టుకోవాలో ఈ వీడియోలో చూద్దాం.

ముందుగా పెంటాహోను మైఎస్‌క్యూఎల్‌తో కలిపే జేడీబీసీ డ్రైవర్ జార్ ఫైలును పెంటాహో ఫోల్డరులోని 'లిబ్'లో ఉంచి, పెంటాహోలో మనం పనిచేసే తెర అయిన స్పూన్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవాలి. స్పూన్ ఆ ఫోల్డరును మొదలయ్యేటప్పుడే చదువుతుంది కనుక, తెరిచి ఉండగా ఫైలు పెట్టి కనెక్షన్ విండోలో ఎన్నిసార్లు టెస్ట్ బటన్ నొక్కినా డ్రైవర్ క్లాస్ (డ్రైవర్‌లోని ప్రోగ్రాం భాగం) దొరకలేదనే అంటుంది. పాత పెంటాహో వెర్షన్లు వెతికే క్లాస్ పేరు 5.1 డ్రైవర్‌లో ఉంటుంది, 8.0లో ఉండదు, కాబట్టి కొత్త జార్ పెట్టినా అదే ఎర్రర్ వస్తే మీ తప్పేమీ లేదు, 5.1 పెట్టి చూడండి.

తర్వాత కనెక్షన్ విండోలో హోస్ట్ (సర్వర్ ఉన్న కంప్యూటర్ చిరునామా), డేటాబేస్ పేరు, పోర్టు 3306, యూజర్, పాస్‌వర్డ్ నింపాలి. సర్వర్ ఋషికొండ ఆఫీసులో ఉండి మీరు గాజువాకలో ఇంట్లో కూర్చుని 'లోకల్‌హోస్ట్' అని రాస్తే, అది మీ ల్యాప్‌టాప్‌నే వెతుకుతుంది.

ఇప్పుడు టెస్ట్ నొక్కితే సక్సెస్ అని వస్తుంది. చాలామంది ఇక్కడే విండో మూసేస్తారు, నేనూ ఒకప్పుడు అలాగే మూసేశాను. టెస్ట్ చెప్పేది లాగిన్ కుదిరిందని మాత్రమే, అక్షరాలు క్షేమంగా చేరతాయని కాదు. షీటు ఎక్కించాక తెర మీద ఈ వరుస చూడండి: యజమాని ఊరు 'భీమిలి' ఉండవలసిన చోట ఆరు ప్రశ్నార్థకాలు ఉన్నాయి. మనకు మూడక్షరాలుగా కనిపించే ఆ మాటలో భ, మ, ల మూడూ, వాటి గుడులు మూడూ యూనికోడ్‌లో వేర్వేరు సంకేతాలు. మైఎస్‌క్యూఎల్ 5.7లో డిఫాల్టుగా ఉండే అక్షరాల పట్టిక (క్యారెక్టర్ సెట్) లాటిన్1, అందులో తెలుగు లేదు. సర్వర్‌ను అలాగే వదిలేయడంతో డ్రైవర్ కూడా దానినే అనుసరించి, లాటిన్1లో చోటు లేని ప్రతి సంకేతాన్నీ ఒక ప్రశ్నార్థకంగా మార్చి పంపింది. ఎర్రర్ రాదు, లాగ్‌లో వరుసల లెక్క కూడా సరిగ్గా ఉంటుంది.

అందుచేత కనెక్షన్ విండోలోని ఆప్షన్స్‌లో క్యారెక్టర్ ఎన్‌కోడింగ్ పారామీటర్‌కు తెలుగు కూడా పట్టే యూటీఎఫ్-8 విలువ ఇవ్వండి, టేబుల్‌ను కూడా మైఎస్‌క్యూఎల్‌లో దాని పూర్తి రూపమైన యూటీఎఫ్8ఎంబీ4లో సృష్టించండి. ఒకసారి ప్రశ్నార్థకాలుగా చేరినవి కనెక్షన్ సరిచేసినంత మాత్రాన తిరిగి తెలుగు కావు. టేబుల్ ఖాళీ చేసి, షీటు మొత్తాన్ని మళ్లీ ఎక్కించవలసిందే.